ఆరణాల పద్దు

బిట్రగుంట చర్చి బీరువా తాళంచెవి
కెజియా టీచరమ్మ కొంగుముడిలో ఉంటుంది.
ముడి విప్పే ముందు అడిగింది:
"నీకెందుకబ్బా దొరల పుటకలూ చావులూ?"

ఉత్తరం చూపించాను.
ఎవరో జిల్ అంట. చేపల మార్కెట్లో లెక్కలు రాసి రిటైరైందంట.
వాళ్ళ తాత తండ్రి ఇక్కడ లోకో షెడ్డులో ఫైర్‌మనంట.
పేరు థ్రెల్‌ఫాల్.

మా నాయన నోట్లో అది తెల్పాలు.
"తెల్పాలు దొరకి కోపమొస్తే పార ఎత్తేవాడంట,
ఖలాసీకి జొరమొస్తే
అదే పార నిప్పులో పెట్టి టీ కాచేవాడంట."
నాయనకి వాళ్ళ నాయన చెప్పిన మాట.
ఆ ముక్క రాసి పంపినందుకే
ఆమె నాకు మళ్ళీ రాసింది, ఈసారి కట్ట.

జిరాక్సులన్నీ మంచం మీద పరిచాను.
మా చిన్నోడు చదివి చెబుతున్నాడు.
పదేళ్ళకొకసారి వాళ్ళ తలుపు కొట్టి
ఒకాయన రాసుకుపోయిన జనాభా కాయితాలు.

ఎనభై ఒకటిలో రెండు గదులు, తొమ్మిది మంది.
తండ్రి బొగ్గు మోసేవాడు. తల్లి నూలు మిల్లు.
ఆలిస్, పదకొండేళ్ళు, నూలు మిల్లు.
తొంభై ఒకటిలో అదే వీధి, ఇంకా చిన్న ఇల్లు.
తల్లి పేరు పక్కన "విధవ."
నాలుగేళ్ళ ఫ్రెడ్ ఉన్నాడు. ఆలిస్ లేదు.
ఎక్కడికి పోయిందో రాసే గడి ఆ కాయితంలో లేదు.
ఆ పై పదేళ్ళకి
ఫ్రెడ్, ఇంజన్లు తుడిచేవాడు.
ఆ తర్వాత ఫ్రెడ్ కూడా లేడు.
"అప్పటికి మీ ఊళ్ళో ఉన్నాడు" అని రాసింది జిల్,
మా ఊరు వాళ్ళ వీధి చివర ఉన్నట్టు.

అడుగున ఇంకోటుంది, వాళ్ళ ఊరి చర్చి పెళ్ళి పుస్తకం.
పెళ్ళికొడుకు సంతకం చోట
వంకరగా ఒక ఇంటూ గుర్తు.
పక్కన పాదిరి దస్తూరీ: ఇది ఇతని గుర్తు.

దొరలకి కూడా రాయడం రాదా!
నాయన బతికుంటే నమ్మేవాడు కాదు,
ఆ కాయితం దొంగదనేవాడు.

మమ్మల్నీ లెక్కపెట్టారు, కాదనను.
గోడ మీద జేగురుతో నంబరేసి పోతే
వాన కడిగేదాకా మా అవ్వ ఆ గోడ అలకలేదంట.
తలకాయల లెక్క మద్రాసు పోయింది.
పేర్లు యాడ పోయాయో ఎవురికీ తెలవదు.

టీచరమ్మ రిజిస్టరు దించి పవిటతో తుడిచింది.
వెండిపురుగు సగం ఏళ్ళు తినేసింది.
మే నెల పేజీ మాత్రం వదిలిపెట్టింది.
భూస్థాపన: ఆలిస్ థ్రెల్‌ఫాల్. మూడు రోజులు.
తండ్రి, ఫైర్‌మన్.

"ఇదేనా?" అంది టీచరమ్మ.
ఇదే. రాసుకున్నాను. లేవబోయాను.
"ఖర్చులు వెనకమాల ఉంటాయి చూడు,
పాదిరిలు కానీ కూడా వదిలేవాళ్ళు కాదు."

వెనక్కి తిప్పాను.
చమురు. కొవ్వొత్తులు. గంట తాడు.
గొయ్యి తవ్వినందుకు, పెంచలయ్య, షెడ్డు ఖలాసీ, ఆరణాలు.
పక్కన వేలిముద్ర.

మా తాత.

పై పద్దులన్నీ వెతికాను.
పిల్లల గోతికి ఎక్కడైనా మూడణాలే.
దీనికి ఆరు.
ఎండకి నేల రాయైపోయి ఉందో,
తాత నోరు తెరిచి అడిగాడో,
తెల్పాలు తన జేబులోంచి కలిపాడో.
దానికీ గడి లేదు.

మా ఇంట్లో తాత ఫోటో లేదు.
ముట్టుకుందామని వేలు చాపి
చెమటని పంచెకి తుడుచుకున్నాను.
మళ్ళీ తుడుచుకున్నాను.
నల్లటి ఆ ముద్ర సిరానో, షెడ్డు మసో.
తడి తగిలితే ఏదైనా అలుక్కుపోతుంది.

"చాలా అబ్బా, మూసేదా?" అంది టీచరమ్మ.
ఉండమ్మా, అన్నాను.
చెయ్యి వెనక్కి కట్టుకుని
అలాగే చూస్తా నిలబడ్డాను.